డెన్నిస్ రిచీని తలుచుకోవడం: ఏటా అక్టోబరులో నన్నడిగే ప్రశ్నలు

ఇంజనీరింగ్ కాలేజీలో సి అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పుకుని బతికేవాణ్ని. 2011 అక్టోబరులో సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, క్లాసులు జరిగితే జరిగినట్టు. సమ్మె ముగిశాక ల్యాబ్ వైవాలో ఒకబ్బాయిని అలవాటు ప్రశ్నే అడిగాను, సి ఎవరు కనిపెట్టారని. "డెన్నిస్ రిచీ, 1972, బెల్ ల్యాబ్స్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, "పోయిన నెలే చనిపోయారు కదా సార్" అన్నాడు. నాకు తెలియదు. ఏళ్ల తరబడి ఆ మనిషి చేసిన భాష చెప్పి జీతం తీసుకుంటూ, ఆయన పోయిన సంగతి ఫస్టియర్ పిల్లాడి నోట విన్నాను. అప్పటి నుంచి ఏటా అక్టోబరులో ఒక క్లాసు ఆయనకి వదిలేస్తున్నాను. ఆ క్లాసులోనూ, తర్వాత క్యాంటీన్‌లోనూ, వాట్సాప్‌లోనూ వచ్చే ప్రశ్నలే ఇవి.

ఇంతకీ రిచీ ఎవరు? రెండు మార్కులకి సరిపడా చెప్పండి.

1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు, న్యూజెర్సీలో పెరిగారు. వాళ్ల నాన్న అలిస్టైర్ రిచీ కూడా బెల్ ల్యాబ్స్ (అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ పెట్టిన పరిశోధనశాల) శాస్త్రవేత్తే. హార్వర్డ్‌లో ఫిజిక్స్, ఆ తర్వాత అప్లైడ్ మ్యాథమెటిక్స్ చదివారు. 1967లో బెల్ ల్యాబ్స్‌లో చేరి 2007లో రిటైరయ్యారు. ఈ మధ్యలో బయట బోర్డు మీద కంపెనీ పేరు మారుతూ పోయింది గానీ ఆయన ఇంకో ఉద్యోగం వెతుక్కోలేదు. సి భాష ఆయన చేసింది. కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్, ఆయనా తోటి ఉద్యోగి కెన్ థాంప్సనూ కలిసి చేసింది. రెండు మార్కులు వచ్చేశాయి, కావాలంటే ఇక్కడితో ఆపేయొచ్చు.

వర్ధంతి ఏ రోజు?

2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో, సొంత ఇంట్లో చనిపోయి కనిపించారు. ఒంటరిగా ఉండేవారు. వయసు 70. ప్రోస్టేట్ క్యాన్సర్‌కీ గుండె జబ్బుకీ చికిత్స జరిగాక కొన్నేళ్లుగా ఆరోగ్యం అంతంతమాత్రంగానే ఉంది. 12 అనేది చూసిన రోజు. ప్రాణం ఎప్పుడు పోయిందన్నది బయటికి చెప్పలేదు. మన పద్ధతిలో తద్దినం పెట్టాలంటే తిథి దగ్గరే చిక్కొస్తుంది. నేనైతే 12నే పెట్టుకున్నాను. దసరా సెలవులు అడ్డమొస్తే కాలేజీ తెరిచిన మర్నాడు.

స్టీవ్ జాబ్స్ పోతే ప్రపంచమంతా ఏడ్చింది, రిచీని ఎవరూ పట్టించుకోలేదట. నిజమేనా?

సగం నిజం. జాబ్స్ అక్టోబరు 5న పోయారు. వారం తిరిగేసరికి రిచీ కబురు వచ్చింది. ఆ కబురు మొదట చెప్పింది ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసిన రాబ్ పైక్, అదీ గూగుల్ ప్లస్‌లో. (చావు కబురు మోసిన ఆ గూగుల్ ప్లస్ కూడా 2019లో పోయింది.) న్యూయార్క్ టైమ్స్ లాంటి పెద్ద పత్రికలు వెంటనే సంస్మరణ వ్యాసాలు వేశాయి. కాబట్టి "ఎవరూ పట్టించుకోలేదు" అనడం తప్పు. మా ఇంటికొచ్చే పేపర్లో మాత్రం జాబ్స్ మొదటి పేజీకెక్కారు. రిచీ లోపల ఏ మూలనైనా వచ్చారేమో, నా కంట పడలేదు.

ఇంకో విచిత్రం చూడండి. 2016 అక్టోబరులో ఎవరో పాత సంస్మరణ వ్యాసాన్ని మళ్లీ పంచితే, రిచీ అప్పుడే చనిపోయారనుకుని వేలమంది కొత్తగా నివాళులు అర్పించారు. పోయి అయిదేళ్లయిందన్న సంగతి తేదీ చూసినవాళ్లకే తెలిసింది. నన్ను నేను తిట్టుకోవడం ఆ రోజుతో కాస్త తగ్గించాను.

అదే నెల 24న లిస్ప్ భాష సృష్టికర్త జాన్ మెకార్థీ కూడా పోయారు. ఆయన పేరు మన వైవాల్లో కూడా రాదు.

"రిచీ లేకపోతే ఐఫోనే లేదు" అని ఫార్వర్డ్ వస్తోంది. పంపొచ్చా?

పంపకండి. అందులో సాంకేతికంగా నిజముంది: యాపిల్ సిస్టమ్ జాబ్స్ నడిపిన నెక్స్‌ట్ నుంచి వచ్చింది, దాని కింద ఉన్నది బెర్క్‌లీ యూనిక్స్, మాక్ అనే కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం). ఆండ్రాయిడ్ కింద లినక్స్ ఉంది, దాన్ని లినస్ టోర్వాల్డ్స్ 1991లో యూనిక్స్ పద్ధతిలో, సి భాషలో, మొదటి నుంచి రాసుకున్నాడు. మీరు రోజూ వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కూడా సి లోనే ఉంది. అంతవరకూ సరే. కానీ ఆ ఫార్వర్డ్ రాసినవాడికి కావలసింది రిచీని పొగడడం కాదు, జాబ్స్‌ని దెప్పడం. ఒకరి పటానికి దండ వేయాలంటే పక్క పటం మీద దండ లాగక్కర్లేదు.

ఫ్లెక్సీ మీద "డాక్టర్ డెన్నిస్ రిచీ" అని రాయాలా, ఉత్త పేరు చాలా?

ఉత్త పేరే. ఆయనకి పీహెచ్‌డీ పట్టా లేదు. థీసిస్ మాత్రం ఉంది.

ప్రాజెక్టు రిపోర్టు కోసం నల్ల అట్ట, బంగారు అక్షరాలు, నాలుగు కాపీలంటూ ఫైనలియర్లో బైండింగు షాపు ముందు మీరు పడే పాట్లు గుర్తు తెచ్చుకోండి. 1968లో రిచీ హార్వర్డ్‌లో ప్రోగ్రాముల నిర్మాణం, లెక్కింపు సంక్లిష్టత మీద థీసిస్ రాశారు. లైబ్రరీకి బైండు చేసిన కాపీ ఒకటి ఇస్తేనే పట్టా. ఆయన ఇవ్వలేదు. అప్పటి తోటి విద్యార్థి ఆల్బర్ట్ మెయర్ జ్ఞాపకం ప్రకారం, బైండింగు ఖర్చు నేనెందుకు పెట్టుకోవాలి, లైబ్రరీకి కావాలంటే లైబ్రరీనే చేయించుకోవాలన్నది రిచీ వాదన. అది ఒక్కటే కారణమా అంటే, దగ్గరివాళ్లే తలో మాట అంటారు. ఏదైతేనేం, చేతికందిన పట్టా వదిలేసి బెల్ ల్యాబ్స్‌లో పనిలో పడ్డారు. ఆయన పోయాక ఇంటివాళ్లు వెతికితే ఆ థీసిస్ ప్రతి దొరికింది. 2020లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దాన్ని అందరికీ అందుబాటులో పెట్టింది. టైపు మిషన్ మీద కొట్టిన పేజీలు. బైండింగు లేకుండానే చదువుకోవచ్చు.

యూనిక్స్‌ని థాంప్సన్ చేశారా, రిచీ చేశారా?

ఇది అన్నదమ్ముల వాటాల పంచాయితీ కాదు, కానీ అడిగారు కాబట్టి వరసగా చెబుతాను. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే భారీ సిస్టమ్ కట్టడానికి దిగాయి. పని తెమలక 1969లో బెల్ ల్యాబ్స్ పక్కకి తప్పుకుంది. దాంతో ఈ బృందానికి చేతిలో మంచి యంత్రం లేకుండా పోయింది. థాంప్సన్‌కి మూలన పడున్న పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ దొరికింది. గ్రహాల మధ్య ఓడ నడిపే ఆట ఒకటి దాని మీద రాసుకుంటూ ఆ యంత్రం లోతుపాతులు నేర్చుకున్నాడు. ఆ వేసవిలో భార్య పిల్లాణ్ని తీసుకుని కాలిఫోర్నియా వెళ్తే, ఆ మూడు వారాల్లో సిస్టమ్‌కి ఒక రూపం తెచ్చేశాడు. ఫైళ్ల అమరిక గురించి థాంప్సన్, రిచీ, రడ్ కెనడే ముందే బోర్డు మీద గీసుకుని ఉన్నారు.

తర్వాత అంతకన్నా కొత్త యంత్రం పీడీపీ-11 కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తామంటే పైవాళ్లు డబ్బివ్వరు, మల్టిక్స్‌తో చేతులు కాల్చుకున్నవాళ్లు మరి. అందుకని డాక్యుమెంట్లు టైపు చేసే సిస్టమ్ చేస్తాం అని అడిగారు. వచ్చింది. పేటెంట్ విభాగం వాళ్లు నిజంగానే దాని మీద అప్లికేషన్లు టైపు చేసుకున్నారు. మన దగ్గర కంప్యూటర్ కొనిపించుకోవడానికి "ఆఫీసు పనికి" అని రాస్తామే, అచ్చం అలాగే.

ఆ పీడీపీ-11లో మెమరీ 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కి, 8 వాడుకునేవాళ్ల ప్రోగ్రాములకి. డిస్కు 512 కిలోబైట్లు. మీరు పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ పూల బొమ్మ ఒక్కటి ఆ డిస్కులో పట్టకపోవచ్చు.

అప్పటికి యూనిక్స్ అసెంబ్లీలో, అంటే ఆ యంత్రానికే అతుక్కుపోయిన కింది స్థాయి భాషలో ఉంది. దాన్ని పై స్థాయి భాషలో తిరగరాయాలని 1972లో థాంప్సన్ ఒకసారి ప్రయత్నించి వదిలేశాడు. ఎందుకు కుదరలేదంటే అప్పటి సి లో స్ట్రక్చర్లు (రకరకాల డేటాని ఒకే మూటగా కట్టే సౌకర్యం) లేవు. రిచీ వాటిని చేర్చాక, 1973 వేసవిలో కెర్నెల్ సి లోకి మారింది. స్ట్రక్చర్స్ యూనిట్ వచ్చేసరికి "ఇవెందుకు సార్" అని మీరు అడుగుతుంటారు కదా, ఇదే జవాబు. భాషలో అది లేక ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఏడాది ఆగింది.

ఇద్దరి జోడీ గురించి థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు (కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిది) ప్రసంగంలో చెప్పిన సంగతొకటి నాకు చాలా ఇష్టం. పదేళ్లు కలిసి పనిచేస్తే, ఎవరేం చేస్తున్నారో తెలియక తికమకపడింది ఒక్కసారేనట. ఇద్దరూ ఒకే ఇరవై లైన్ల అసెంబ్లీ ప్రోగ్రామ్ విడివిడిగా రాసేశారు. పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం కూడా తేడా లేదట. మా ల్యాబ్‌లో ఇద్దరి ప్రోగ్రాములు అలా ఉంటే ఇద్దరికీ సున్నా వేస్తాను.

సి అని పేరెందుకు? ఏ, బి ఉన్నాయా?

బి ఉంది. థాంప్సన్ చేసింది, మార్టిన్ రిచర్డ్స్ చేసిన బీసీపీఎల్ అనే భాషని కుదించి. దాని తర్వాతది కాబట్టి సి. అది అక్షరమాలలో తర్వాతి అక్షరమా, లేక బీసీపీఎల్‌లో రెండో అక్షరమా అన్నది రిచీ కావాలనే తేల్చకుండా వదిలేశారు. 1972 అన్న సంవత్సరం మీద కూడా మరీ పట్టు పట్టకండి. 1971 నుంచి 1973 దాకా సాగిన పని అది, 1972లో ఎక్కువ భాగం జరిగింది.

హెలో వరల్డ్ ఆయనదేనా?

ఏ భాష నేర్చుకున్నా మొదట రాసే ఆ బుల్లి ప్రోగ్రామ్ ఆయనది కాదు, బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన బ్రయన్ కెర్నిగన్‌ది. బి భాష మీద కెర్నిగన్ రాసిన పాఠంలోనే ఉంది. 1978లో కెర్నిగన్, రిచీ కలిసి సి పుస్తకం వేశాక ఊరూరా పాకింది.

మేం రికార్డులో రాసే సి ఆయన చేసిందేనా?

చెప్పడానికి నాకే సిగ్గు. నీలం స్క్రీన్ మీద మీరు నేర్చుకునే టర్బో సి బోర్లాండ్ కంపెనీది. స్క్రీన్ తుడిచే క్లియర్ స్క్రీన్, చివర్లో ఆగడానికి పెట్టే గెట్ సీహెచ్, ఆ రెండింటి కోసం పైన రాసే కోనియో హెడర్, అన్నీ విండోస్‌కి ముందటి డాస్ కాలపు సరుకు. సి ప్రమాణంలో (భాషలో ఏముండాలో తేల్చే అధికారిక పత్రంలో) వీటి ఊసే లేదు. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ముందు, తిరిగి ఏ విలువా ఇవ్వదని చెప్పే వాయిడ్ రాయడం కూడా అంతే. రిచీ పుస్తకం మొదటి ముద్రణ నాటికి వాయిడ్ అన్న మాటే అందులో లేదు, ప్రమాణం వచ్చాక అడిగింది ఇంట్, అంటే ఒక పూర్ణసంఖ్య తిరిగి ఇమ్మని. ఆయన పేరు రెండు మార్కులకి రాయించి, మిగతా రికార్డంతా ఆయన రాయనిది రాయిస్తాం.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మరి సి లో లోపాల గురించి అడగొచ్చా?

అడగాలి. ఆయనే దాచుకోలేదు. 1993లో సి చరిత్ర మీద రాసిన వ్యాసం చివర్లో తన భాష గురించి ఆయన అన్నది: వంకరలున్నాయి, లోపాలున్నాయి, అయినా ఘనవిజయం.

ఒక వంకర దగ్గరగా చూద్దాం. బి లోనూ, మొదటి సి లోనూ & గుర్తు ఒక్కటే రెండు చాకిరీలు చేసేది: బిట్లు కలపడం, "ఇదీ అదీ రెండూ నిజమేనా" అని చూడడం. తర్వాత రెండో పనికి && వేరుగా వచ్చింది. అప్పుడు బిట్ల పని చేసే & ని లెక్కకట్టే వరసలో, రెండూ సమానమా అని చూసే == కన్నా ముందుకు జరపాలి. జరపలేదు. ఎందుకు? అప్పటికే కొన్ని వందల కిలోబైట్ల కోడ్ ఉంది, బహుశా మూడు చోట్ల నడుస్తోంది, అది చెడిపోతుందేమోనని. 1982లో ఆయనే ఈ సంగతి రాసి, జరిపి ఉండాల్సింది అని ఒప్పుకున్నారు. ఆ మూడు యంత్రాల కోసం పడిన మొహమాటం జావాకి, జావాస్క్రిప్ట్‌కి కూడా వారసత్వంగా వచ్చింది. బిట్ చెక్ చేసేటప్పుడు బ్రాకెట్లు పెట్టడం మర్చిపోయి, రాత్రి రెండింటి దాకా తల పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఇప్పుడైనా కారణం తెలియాలి. థాంప్సన్, పైక్ తదితరులు చేసిన గో భాషలో దీన్ని సరిచేశారు.

రెండోది ప్రమాదకరమైనది. అరే (డేటా వరసగా దాచుకునే గదులు) హద్దు దాటి రాస్తే సి అడ్డు చెప్పదు. సి తో పాటు వచ్చే లైబ్రరీలో టైపు చేసిన లైను చదివే గెట్స్ అయితే ఎంత పొడుగు లైను వచ్చినా తీసుకెళ్లి గుమ్మరిస్తుంది, కింద గిన్నె ఎంతో చూడదు. 1988లో ఇంటర్నెట్‌ని స్తంభింపజేసిన మోరిస్ వార్మ్ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) దూరిన దారుల్లో ఇదొకటి. చివరికి 2011 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రమాణంలోంచి గెట్స్‌ని తీసేశారు, రిచీ పోయిన రెండు నెలలకి. మన ల్యాబ్ మాన్యువల్లో మాత్రం అది చిరంజీవి.

మనిషి ఎలా ఉండేవారు?

తక్కువ మాట్లాడేవారు, తన సొంత సంగతులు తనలోనే ఉంచుకునేవారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆఫీసుకొచ్చి రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయడం అలవాటు. తన గురించి రాసుకున్న చిన్న పరిచయంలో ఇలా అన్నారు: డిగ్రీ చదువుతో ఫిజిక్స్‌కి నా తెలివి చాలదని అర్థమైంది, పైచదువుతో ఆల్గరిథమ్‌ల సిద్ధాంతానికి కూడా చాలదని అర్థమైంది. ర్యాంకు రాలేదని డీలా పడే పిల్లలకి ఈ ముక్క చదివి వినిపిస్తుంటాను.

ఆరో ఎడిషన్ యూనిక్స్‌ కోడ్‌లో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారే చోట ఒక కామెంట్ ఉంది: "ఇది మీకు అర్థం కావాలని మేం అనుకోవడం లేదు." పొగరు అనుకున్నారు జనం. రిచీ తర్వాత వివరణ ఇచ్చారు, "ఇది పరీక్షలో రాదు" అన్న అర్థంలో రాశామని. అక్కడితో ఆగలేదు. నిజానికి అప్పుడు జరుగుతున్నదేమిటో మాకూ సరిగ్గా అర్థం కాలేదు అని కూడా కలిపారు.

2019లో ఎవరో పాత బీఎస్‌డీ (బెర్క్‌లీ) యూనిక్స్ పాస్‌వర్డ్ ఫైలు విప్పారు. థాంప్సన్ పాస్‌వర్డ్ చదరంగంలో తొలి ఎత్తు, విప్పడానికి చాలా తంటాలు పడ్డారు. రిచీది నాలుగంటే నాలుగు అక్షరాలు: డీ, ఎం, ఏ, సీ. పూర్తి పేరు డెన్నిస్ మాక్‌అలిస్టైర్ రిచీ అని తెలిస్తే చాలు. మీరు పాస్‌వర్డ్‌లో పేరు పక్కన 123 పెడతారు కదా, మరీ బాధపడకండి.

అవార్డులు?

1983 ట్యూరింగ్, 1998 సంవత్సరానికి అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ, 2011 జపాన్ ప్రైజ్, మూడూ థాంప్సన్‌తో కలిసే. జపాన్ ప్రైజ్ మాత్రం ఆ ఏడాది సునామీ వల్ల టోక్యోలో కాకుండా మే నెలలో బెల్ ల్యాబ్స్‌కే వచ్చి ఇచ్చారు. అప్పటికి ఆయనకి మిగిలింది అయిదు నెలలు.

ఆయన పోయాక ఎవరెలా తలుచుకున్నారు?

2011 నవంబరులో వచ్చిన ఫెడోరా 16 (ఒక రకం లినక్స్), 2012 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 9.0 (బెర్క్‌లీ యూనిక్స్ సంతతి) ఆయనకి అంకితమిచ్చారు. పుస్తకాలు వేసే టిమ్ ఓరైలీ 2011 అక్టోబరు 30ని రిచీ దినంగా జరుపుకుందామన్నారు. 2008లో కనిపెట్టిన ఒక గ్రహశకలానికి 2012లో ఆయన పేరు పెట్టారు. సిస్టమ్స్ రంగంలో మంచి పీహెచ్‌డీ థీసిస్‌కి ఏటా ఇచ్చే అవార్డు కూడా ఆయన పేరు మీదే ఉంది. థీసిస్ ఇచ్చి పట్టా తెచ్చుకోని మనిషి పేరు మీద! వింటే ఆయనే నవ్వుకునేవారు.

మా కాలేజీలో సంస్మరణ సభ పెడదామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి గంటన్నర ప్రసంగం, శాలువాలు వద్దు. ల్యాబ్ తాళం తీయించండి. పాత యూనిక్స్ సోర్సు 2002 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పీడీపీ-11 ఎమ్యులేటర్‌లో (ఆ పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) 1975 నాటి ఆరో ఎడిషన్ మామూలు ల్యాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది.

లాగిన్ కాగానే పిల్లల మొహాలు చూడాలి. ఫోల్డర్ మారడానికి వేళ్లకి అలవాటైన రెండక్షరాల కమాండ్ పనిచేయదు, సీహెచ్ డీఐఆర్ అని మొత్తం కొట్టాలి. తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏమీ చెరగదు. ఒక అక్షరం కొట్టేయాలంటే # కొట్టాలి, లైనంతా కొట్టేయాలంటే @. "ఇదేం గోల సార్" అంటారు. అప్పుడు చెప్పండి, వాళ్ల ముందున్నది స్క్రీన్ కాదు, టెలిటైపు అని. కాగితం మీద అచ్చయిన అక్షరాన్ని వెనక్కి తుడవడం ఎలా? కమాండ్లన్నీ పొట్టిగా ఉండడానికి కూడా ఆ బరువైన కీలే కారణమని చెప్పుకుంటారు.

మా క్లాసులో ఒకమ్మాయి తన ఈమెయిల్ ఐడీ టైపు చేయబోయి, మధ్యలో @ వచ్చిన ప్రతిసారీ లైను ఎగిరిపోతుంటే నాలుగుసార్లు మొదటికొచ్చింది. ఏ ప్రసంగం కన్నా ఆ అయిదు నిమిషాలు ఎక్కువ గుర్తుంటాయి.

పోస్టర్‌కి ఏ ఫోటో వాడాలి?

అందరికీ తెలిసిన నలుపు తెలుపు ఫోటో ఒకటుంది. పీడీపీ-11 ముందు టెలిటైపు దగ్గర ఒకరు కూర్చుని ఉంటారు, పక్కన ఒకరు నిలబడి ఉంటారు. ఇద్దరికీ గడ్డాలే. నిలబడినవారు రిచీ, కూర్చున్నవారు థాంప్సన్. దయచేసి ఫోటోని కత్తిరించకండి. 2014లో మా పిల్లలు కత్తిరించారు. పొద్దున్నే నేను ల్యాబ్‌కి వెళ్లేసరికి అగరొత్తులు వెలుగుతున్నాయి, బంతిపూల దండ వేలాడుతోంది, దండలోంచి కూర్చున్న మనిషి చూస్తున్నాడు. ఆయన అప్పటికి గూగుల్‌లో ఉద్యోగం చేసుకుంటూ నిక్షేపంలా ఉన్నాడు. బతికున్నవాడి పటానికి దండేంట్రా అని నేనూ, అటెండరూ కుర్చీ ఎక్కి గబగబా తీసేశాం.